బట్టీ పట్టిన పరిచయం వద్దు, బోరు మోటారు గురించి చెప్పమనండి

ప్రశ్న: మాది కడప జిల్లా జమ్మలమడుగు దగ్గర పల్లె. మా అమ్మాయి ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తి చేసింది. కాలేజీకి వచ్చిన ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ‘నీ గురించి చెప్పు’ అనగానే, బట్టీ పట్టిన ఇంగ్లిష్ మధ్యలో మర్చిపోయి ఏడ్చుకుంటూ వచ్చేసింది. వచ్చే వారం ఎర్రగుంట్ల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ట్రైనీ పోస్టుకు పిలిచారు. నేను కూడా లోపలికి వెళ్లి సార్లకు ఒక మాట చెప్పొచ్చా? ఇంట్లో బాగానే మాట్లాడుతుంది. పొలంలో స్టార్టర్ ట్రిప్ అయి మోటారు ఆగిపోతే చూసేది కూడా తనే.

జవాబు: మీరు చివర్లో మామూలుగా రాసేసిన ఆ స్టార్టర్ సంగతే మీ అమ్మాయి ఇంటర్వ్యూలో చెప్పాల్సింది.

ముందు ఆ ఇంగ్లిష్ పేరా పక్కన పెట్టించండి. పేరు, తండ్రి పేరు, అక్కచెల్లెళ్లు ఎందరు, హాబీలు, ‘నేను హార్డ్ వర్కర్‌ని’. ఈ పాఠం ఆ రోజు వచ్చిన పిల్లలంతా అప్పజెప్తారు. పట్టుకుని ఇంకో ప్రశ్న అడగడానికి అందులో ఏమీ ఉండదు. పైగా ఒక్క మాట జారితే మిగతాదంతా పోతుంది. దానికి బదులు చదువు గురించి రెండు ముక్కలు చెప్పి, ‘మా పొలంలో బోరు మోటారు ట్రిప్ అయితే నేనే చూస్తాను సర్’ అంటే, తర్వాతి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది. ఎందుకు ట్రిప్ అవుతుంది? ఒక ఫేజ్ పోతే ఏమవుతుంది? నడుస్తున్న త్రీఫేజ్ మోటారుకు ఒక ఫేజ్ పోతే మిగిలిన వాటి మీద కరెంటు పెరిగి వైండింగ్ వేడెక్కుతుంది. స్టార్టర్‌లో మోటారును కాపాడే రిలే సమయానికి ఆపకపోతే కాలిపోతుంది. ఆగి ఉన్న మోటారైతే గుర్రుమంటుందే తప్ప తిరగదు. ఇదంతా మీ అమ్మాయి కళ్లారా చూసిందే కదా!

ఆ పైన తను చేసే పని వరుసగా చెప్పమనండి. మూడు ఫేజులూ వస్తున్నాయా అని మీటరుతో చూడటం, మెయిన్ ఆపడం, కరెంటు లేదని మళ్లీ చూసుకోవడం, ఆ తర్వాతే స్టార్టర్ పెట్టె విప్పి కాంటాక్టులు మాడాయేమో చూడటం. ‘మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టను సర్’ అన్న మాటకు ఫ్యాక్టరీలో చాలా విలువ ఉంటుంది. ఒకవేళ ఇప్పటిదాకా ఆపకుండానే పెడుతుంటే, ఉద్యోగం సంగతి తర్వాత, ఈ రోజే మాన్పించండి.

పిలిచిన చోట ఏం తయారవుతుందో తెలుసుకుని వెళ్లాలి. సున్నపురాయికి బంకమన్ను లాంటివి కలిపి పొడి చేసి, బట్టీలో దాదాపు 1450 డిగ్రీల దాకా వేడి చేస్తే క్లింకర్ అనే గట్టి ఉండలు వస్తాయి. వాటికి జిప్సం కలిపి నూరితే సిమెంటు. ఆ మిల్లులు, కన్వేయర్లు, ఫ్యాన్లు నడిపేది మోటార్లే. పొలంలో చూసిన మోటారుకూ, అక్కడి మోటార్లకూ తేడా ఏమిటో ఈ వారంలో పాత లెక్చరర్‌ని అడిగి తెలుసుకుంటే మంచిది.

తెలియనిది అడిగితే ‘తెలియదు సర్, ఆ పని నేనింకా చేయలేదు’ అనడంలో తప్పు లేదు. ఊహించి చెప్పిన జవాబు రెండో ప్రశ్నకే బయటపడుతుంది. రెజ్యూమేలో రెండు రోజుల వర్క్‌షాప్ చూసి ‘పీఎల్‌సీ (యంత్రాలను నడిపించే చిన్న కంప్యూటర్ లాంటిది) వచ్చు’ అని రాసి ఉంటే తీసేయించండి. ఇంగ్లిష్ తడబడితే ‘తెలుగులో చెప్పొచ్చా సర్’ అని అడగొచ్చు. చాలామంది సరేనంటారు. ఫేజ్, రిలే, ట్రిప్ అన్న మాటలు ఎలాగూ ఇంగ్లిషువే.

ఇక మీ సంగతి. గేటు దాకా తోడు వెళ్లండి, లోపలికి మాత్రం వద్దు. తండ్రి వచ్చి మాట్లాడితే, ఈ అమ్మాయి షిఫ్టులో ఒక్కతే పని చూసుకోగలదా అన్న అనుమానం వాళ్లకు వస్తుంది. మీరు చేయాల్సిన పని ఇంట్లో ఉంది. రాత్రి షిఫ్టు ఉంటే పంపుతారా, పెళ్లయ్యాక ఉద్యోగం సంగతేమిటి అన్నవి ముందే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. ఆడపిల్లలను ఈ ప్రశ్నలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. అడగడం నాకు నచ్చదు, కానీ ‘మా నాన్నను అడిగి చెప్తాను’ అనే జవాబు తనకు నష్టం చేస్తుంది. ‘ఉద్యోగం చేయాలనే వచ్చాను సర్, రాత్రి షిఫ్టుకు బస్సు ఉంటుందా’ అని తనే అడిగితే ఎంత బాగుంటుంది!

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసినవైతే చాలు, కొత్తవి కొనక్కర్లేదు. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోవాలి, ఇచ్చి రావాల్సింది జిరాక్సులే. ఉద్యోగం ఖాయం చేయిస్తానని ఎవరైనా డబ్బు అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

జీతం మాట వస్తే చేతికి ఎంత వస్తుందో అడగమనండి. సీటీసీ (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అని చెప్పే మొత్తంలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా కూడా కలిపి ఉండొచ్చు. మామూలుగా బేసిక్, డీఏల మీద 12 శాతం ఉద్యోగి వాటాగా కూడా కోస్తారు. ట్రైనింగ్ ఎన్ని నెలలు, బాండ్ ఉందా, మధ్యలో మానేస్తే ఏం కట్టాలి అన్నవి ఆఫర్ లెటర్‌లో చదువుకున్నాకే సంతకం పెట్టాలి. ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని ఒక రోజు చూసుకుంటానని అడగడం తప్పు కాదు.