పార్కు నడక మొదలుపెట్టబోతున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి, విశాఖపట్నం నుంచి అన్నయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీకు షుగరు పెరిగిందనీ, డాక్టరుగారు రోజూ నడవమన్నారనీ మరదలు ఫోనులో చెప్పినప్పుడు దిగులు వేసింది. అయితే దోమలగూడలో మీరు తీసుకున్న కొత్త ఇంటి నుంచి ఇందిరా పార్కు పది నిమిషాల దూరమేనని తెలిశాక మనసు కొంత కుదుటపడింది. కొడుకు దగ్గరికి వచ్చేయకముందు చాలా ఏళ్లు నేను నడిచింది ఆ పార్కులోనే. 76 ఎకరాల తోట అది. ఊరి నడిబొడ్డున అంత చోటు మనలాంటి వాళ్ల కోసం మిగలడం చిన్న విషయం కాదు. దాన్ని ఎలా వాడుకోవాలో నేను తెలుసుకున్నంత వరకు వ్రాస్తున్నాను, నిదానంగా చదువు.

మొదటి రోజు నుంచే రౌండ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టకు. ఎవరో ఆరు రౌండ్లు కొట్టారని మనమూ కొట్టబోతే నాలుగో రోజుకు మోకాళ్లు పట్టేసి, వారం తిరిగేసరికి నడకే ఆగిపోతుంది. నీకు కొలత నీ ఊపిరే: నడుస్తూ పక్కవాడితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఆయాసం రావాలి, ఆ వేగం సరైన వేగం. వారానికి కనీసం 150 నిమిషాలు అలా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట. ఆ అరగంట ఒకే విడతలో కావాలని కూడా లేదు. మొదటి పది రోజులు ఉదయం పది నిమిషాలు, రాత్రి భోజనం అయ్యాక ఇంటి ముందు వీధిలో మరో పది నిమిషాలు నడువు. తిన్న తరువాత నడిస్తే రక్తంలో చక్కెర ఎక్కువగా ఎగబాకదు.

ఇప్పుడు చెప్పబోయేది ఈ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యం. నడక ఒక్కటీ సరిపోతుందని నేను చాలాకాలం అనుకున్నాను. అరవై రెండో ఏట ఒకరోజు సిటీ బస్సు దిగుతూ తూలిపడబోయినప్పుడు గాని నా తొడల్లో బలం ఎంత తగ్గిపోయిందో నాకు తెలియలేదు. వయసు పెరిగేకొద్దీ కండ కరుగుతుంది, నడక ఒక్కటే దాన్ని నిలపలేదు. పైగా మనం తిన్న అన్నంలోంచి రక్తంలోకి చేరే చక్కెరను ఎక్కువగా పట్టి దాచుకునేది కండరమే కనుక, నీకు ఇది రెండింతలు అవసరం. అరవై ఐదు దాటినవారు వారానికి మూడు రోజులైనా బలానికీ, తూలకుండా నిలబడడానికీ పనికివచ్చే వ్యాయామం చేయాలన్నది కూడా ఆ సంస్థ మాటే. నీవు ఇప్పుడే మొదలుపెట్టు.

దానికి యంత్రాలేవీ అక్కరలేదు, పార్కు బెంచీ చాలు. కదలని సిమెంటు బెంచీ చూసుకొని దాని అంచుకు జరిగి కూర్చో. పాదాలు మోకాళ్ల కిందికి తెచ్చుకొని, చేతులు రెండూ గుండెల మీద కట్టుకొని, దేన్నీ పట్టుకోకుండా లేచి నిలబడు. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా మూడు లెక్కపెడుతూ దిగు. పదిసార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ పదిసార్లు చేయి. మొదట్లో ఐదుకే తొడలు వణికితే ఐదుతోనే ఆపు. తరువాత ఒక చెట్టు పక్కన ఒంటికాలి మీద నిలబడు. మా బ్యాచిలో డెబ్బై దాటిన ఒక టీచరమ్మ ఉండేవారు; మొదట్లో చెట్టు మానుకు అరచేయి మొత్తం ఆనించి నిలబడేవారు, కొన్ని వారాలకు చూపుడువేలు కొన మాత్రమే తాకించేవారు, వానలు వెళ్లిపోయే నాటికి ఆ వేలు కూడా తీసేశారు. అలా నిలబడినప్పుడు ఆమె చీర కుచ్చెళ్ల కింద పాదం నేలను పట్టుకోవడానికి అటూ ఇటూ సన్నగా కదులుతూ ఉండడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది.

పార్కుల్లో పెట్టే ఓపెన్ జిమ్ముల్లో చాలా యంత్రాలకు మన శరీరమే బరువు, దాన్ని పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ వీలుండదు. కీళ్లు కదిలించుకోవడానికి మంచివే, బలానికి మాత్రం బెంచీయే మేలు. రెండు కాళ్లూ ముందుకూ వెనక్కూ ఊపే యంత్రం ఒకటి ఉంటుంది, అది పూర్తిగా ఆగేదాకా దిగకు. నేను తొందరపడి దిగి చీలమండ మెలిక పడి నెలన్నర ఇంట్లో కూర్చున్నాను.

షుగరు మందులు వాడుతూ పరగడుపున ఎంతసేపు నడవవచ్చో ముందుగా డాక్టరుగారిని అడుగు. జేబులో గ్లూకోజు పొట్లం ఉంచుకో. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే నోట్లో వేసుకొని కూర్చో. వేళ్లు ఒరుసుకోని బూట్లు, నూలు మేజోళ్లు వేసుకో. ఇంటికి రాగానే అరికాళ్లు చూసుకో, ఎందుకంటే స్పర్శ తగ్గిన కాలికి బొబ్బ లేచినా నొప్పి తెలియదు. గుండెల్లో బరువుగా అనిపిస్తే ఆ క్షణమే ఆగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లు. చలికాలంలో పొగ, మంచు నేలకు దగ్గరగా నిలిచి ఉంటాయి కనుక ఎండ పొడ వచ్చాకే బయలుదేరు.

మరదలిని కూడా తీసుకువెళ్లు. వంట పని సగం నీవు పంచుకుంటే గాని ఆమెకు ఉదయం తీరిక దొరకదు, ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. ఎవరితోనైనా ఒక బ్యాచిలో చేరండి. 1995లో ముంబయిలో డాక్టర్ మదన్ కటారియా ఒక పార్కులో నలుగురైదుగురితో మొదలుపెట్టిన నవ్వుల క్లబ్బు ఎన్నో దేశాలకు పాకిందంటే, పొద్దున్నే మన కోసం ఎదురుచూసే మనుషులు ఉండడమే అందుకు పెద్ద కారణమని నా నమ్మకం. నేను రాలేదని ఫోను చేసిన వాళ్ల వల్లే ఎన్నో బద్ధకపు ఉదయాలు నేను పక్క దిగాను.

ఇక్కడ తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీదికి వాహనాలను రానివ్వని వేళల్లో నేను నడుస్తున్నాను. సంక్రాంతికి హైదరాబాదు వస్తాను. ఈలోగా ప్రతి ఆదివారం ఎన్నిసార్లు చేతులు ఆనించకుండా బెంచీ మీంచి లేవగలిగావో మరదలి చేత నాకు మెసేజీ పెట్టించు.

ఇట్లు,
నీ అన్నయ్య