చేప బొమ్మ ముందు ఆగిన అరిసెల మూకుడు

ప్రశ్న: వీధి కాలువల్లో నూనె, సబ్బు నీళ్లు పోయొద్దని కరపత్రాలు పంచితే జనం నిజంగా మారతారా?

కరపత్రాలతో ఎవరూ మారరు. డల్లాస్‌కి ఉత్తరాన ఓ శివారు ఊళ్లో ఉంటాం. అప్పుడప్పుడు నీళ్ల బిల్లుతో పాటు రంగురంగుల కాగితం ఒకటి వస్తుంది. ఎనిమిదేళ్లుగా చదవకుండానే డబ్బాలో పడేశాను. మారింది మా అమ్మ, అదీ ఒక్క సాయంత్రంలో.

రెండేళ్ల కిందట సంక్రాంతికి అమ్మ ఇక్కడే ఉంది. అరిసెలు వండాల్సిందే అంది. ఇంట్లో వండితే పొగ అలారం గోల, పైగా వాసన నెల రోజులు వదలదు. అందుకే ఇక్కడి తెలుగువాళ్లు చాలామంది చేసినట్టే గరాజ్ బయట పొయ్యి పెట్టాం. అరిసెల నూనె సంగతి తెలుసుగా, బెల్లం మాడి చివరికి నల్లగా, అడుగున మడ్డితో మిగులుతుంది. చల్లారాక అమ్మ మూకుడు రెండు చేతులా పట్టుకుని రోడ్డు అంచున ఉన్న కాలువ దగ్గరికి నడిచింది. వెనకే నేను, సబ్బు నీళ్ల బకెట్‌తో. ఒంపబోయి ఆగింది.

"ఏరా, ఇక్కడ చేప బొమ్మ ఎందుకేశారు?"

ఎనిమిదేళ్లు ఆ బిళ్ల పక్కనే కారు పెట్టినవాణ్ణి, అప్పుడు వంగి చదివాను. ఇందులో పోసింది చెరువుకే పోతుందని రాసుంది. సింకులో నీళ్లయితే శుద్ధి కేంద్రానికి వెళ్తాయి, ఈ వాన కాలువ మాత్రం తిన్నగా వాగులోకి, అక్కణ్ణించి లూయిస్‌విల్ చెరువులోకి అని చెప్పాను. డల్లాస్‌కి తాగునీరిచ్చే చెరువుల్లో అదొకటి.

"అంటే మంచినీళ్ల చెరువేగా!" అంది అమ్మ.

తెనాలి దగ్గర వాళ్ల ఊళ్లో కాలవ నీళ్లతో నింపే మంచినీళ్ల చెరువు ఉండేది. అందులో కాళ్లు కడిగితే ఊరంతా కలిసి తిట్టేవాళ్లట. మూకుడు వెనక్కి తెచ్చి, నూనె ఖాళీ డబ్బాలో పోసి, మూత బిగించి చెత్తలో వేసింది. నా బకెట్ గడ్డి మీదకి మళ్లింది. ఆ రంగుల కాగితంలో "మంచినీళ్ల చెరువు" అన్న మాట ఒక్కటుంటే ఎనిమిదేళ్లు పట్టేది కాదు.

అసలా కాగితం మన మీద ప్రేమతో వచ్చేది కాదు. 1987లో ఇక్కడి నీటి చట్టాన్ని సవరించి వాన కాలువలకి పర్మిట్లు పెట్టారు, 1999 నియమాలతో చిన్న ఊళ్లకీ తప్పనిసరి చేశారు. ఆ ఊళ్లు చేయాల్సిన ఆరు పనుల్లో మొదటిది జనానికి చెప్పడం. కాగితం పంచేస్తే చెప్పేసినట్టే వాళ్ల లెక్క.

ఇక మా కాలనీ సంఘం. గడ్డి పసుపు పచ్చబడిందని ఉత్తరం పంపేది వీళ్లు, ఎరువు తగ్గించమనేది ఊరి కాగితం. వానకి కొట్టుకుపోయిన ఎరువుతో చెరువులో నాచు పెరుగుతుంది, అది కుళ్లుతూ నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది, చేపలు చస్తాయి. నేనెవరి మాట వినాలి?

అమ్మ మాత్రం పిల్లల దగ్గరికొచ్చిన పెద్దవాళ్ల వాకింగ్ బ్యాచ్‌లో అందరికీ చెప్పేసింది. ఆదివారం ఆదివారం వాలులో కారు కడిగే పెద్దాయన్ని ఆపి, "అన్నయ్యగారూ, కాస్త గడ్డి మీదకి ఎక్కించి కడగండి" అంది. సొంత కారు ఇంటి ముందు కడుక్కోవడానికి కేంద్ర నియమాల్లో మామూలుగా మినహాయింపే ఉంది. ఆయన చట్టం చెప్పబోయాడు, అమ్మ చేప బొమ్మ చూపించింది. ఇప్పుడాయన గడ్డి మీదే కడుగుతున్నాడు.

మొన్న నేను కారు ఆయిల్ మారుస్తుంటే తెనాలి నుంచి వీడియో కాల్‌లో చూసి, "ఆ నల్ల నూనె ఎక్కడ పోస్తావురా?" అని అడిగింది. ఒక్కసారి మార్చిన ఆయిల్ 10 లక్షల గ్యాలన్ల మంచినీళ్లు పాడు చేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ చెప్పే లెక్క. విడిభాగాల షాపులో ఉచితంగానే తీసుకుంటారని చెప్పాను. నమ్మలేదు. షాపుకెళ్లి ఇచ్చాక ఫోటో పెట్టమంది.