ఊరి రికార్డుల్లో మన పూర్వీకులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తాతగారు 1921లో తెనాలిలో పుట్టారని ఇంట్లో చెబుతారు. మునిసిపల్ ఆఫీసులో ఆ పేరుతో నమోదు లేదన్నారు. ఇంకేం చేయాలి? (తెనాలి)

జవాబు: ఆ పేరుతో అడిగితే దొరక్కపోవడమే మామూలు. పుట్టుక రాయించేది కొద్దిరోజుల్లోనే, పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజునో ఆ తర్వాతో. అందుకే పాత జనన రిజిస్టర్లలో చాలాచోట్ల పేరు గడి ఖాళీగా ఉండి, తండ్రి పేరు, మగో ఆడో, వీధీ మాత్రమే కనిపిస్తాయి. మీ ముత్తాతగారి పేరు, పేట రాసిచ్చి 1919 నుంచి 1923 దాకా వెతకమని అర్జీ పెట్టండి. అటూ ఇటూ రెండేళ్లు కలపమనడానికి కారణం ఉంది. ఇంట్లో చెప్పుకునే పుట్టినరోజు చాలాసార్లు బడి రిజిస్టర్లోది, అంటే బడిలో చేర్చుకోవడానికి వీలుగా అయ్యవారు అంచనాగా వేసిన తేదీ.

అంతకన్నా ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఆయన తొలిచూలు బిడ్డా? అయితే పురుడు పుట్టింట్లోనే జరిగి ఉంటుంది. నమోదు తెనాలిలో కాక ఆయన అమ్మమ్మగారి ఊళ్లో ఉంటుంది. అది పల్లెటూరైతే చావుపుట్టుకల లెక్క గ్రామాధికారుల దగ్గర ఉండేది. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి కాబట్టి, వాళ్లు అప్పగించిన కట్టల్లో మిగిలినవాటి కోసం తహసీల్దారు కార్యాలయం రికార్డు గదిలో అడగాలి.

ప్రశ్న: మా ఇంటి స్థలానికి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలిచ్చే ధ్రువపత్రం) తీస్తే 1983 నుంచే వచ్చింది. అంతకుముందు వాళ్ల పేర్లు ఎలా తెలుస్తాయి? (భీమవరం)

జవాబు: కంప్యూటర్లో ఉన్నది అంతే. వెనక్కి వెళ్లాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత సూచికలు వెతికించుకోవాలి. స్థిరాస్తి దస్తావేజులన్నీ 1వ పుస్తకంలో ఉంటాయి. దానికి మనుషుల పేర్లతో ఒక సూచిక, ఆస్తులతో మరొకటి ఉన్నాయి. రుసుము కడితే ఎవరైనా చూడొచ్చు. పేర్ల సూచికలో ఇంటిపేరు మొదటి అక్షరం కిందా, అసలు పేరు కిందా రెండుచోట్లా చూడమనండి. ఒక్కచోట చూసి లేదనుకుని తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. మీ ఆఫీసు తర్వాత ఏర్పడిందైతే పాత పుస్తకాలు మాతృ కార్యాలయంలో ఉంటాయి.

మా సలహా ఎప్పుడూ ఒకటే: పేరు వెంట కాదు, నేల వెంట వెళ్లండి. పేరు ప్రతి తరంలో తిరిగి వస్తుంది, తాత పేరే మనవడికి పెడతారు. హద్దులూ సర్వే నంబరూ అలా కలగాపులగం కావు. ఒక దస్తావేజు నకలు తీసుకుంటే అందులో ‘ఫలానా వారి కుమారుడు’ అనీ, ఆస్తి తనకెలా సంక్రమించిందీ రాసి ఉంటుంది. దాన్నిబట్టి ముందుదానికి వెళ్లాలి. పంపకాల దస్తావేజులో అన్నదమ్ములందరూ కనిపిస్తారు, ఆడపిల్లలు మాత్రం సాధారణంగా ఉండరు. వాళ్లకోసం పసుపు కుంకుమల కింద ఇచ్చిన దానపత్రాలు చూడండి. అత్తింటి ఇంటిపేరు దొరికేది అక్కడే. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు 3వ పుస్తకంలో ఉంటాయి. రాసినవారు పోయాక వాటి నకలు ఎవరికైనా ఇస్తారు. ఒకే మనిషికి రెండు దస్తావేజుల్లో ఇద్దరు తండ్రులు కనిపిస్తే తప్పుగా రాశారనుకోకండి, ముందు దత్తత సంగతి చూడండి.

జిల్లా పేరు చూసి తికమకపడొద్దు. భీమవరం తాలూకా 1904 దాకా గోదావరి జిల్లా, అప్పటినుంచి 1925 దాకా కృష్ణా, ఆ తర్వాత పశ్చిమ గోదావరి. కాగితంలో ‘శార్వరి’ అని సంవత్సరం పేరొక్కటే ఉంటే అది 1900 కావచ్చు, 1960 కావచ్చు. స్టాంపు కాగితం, సాక్షుల పేర్లు చూసి తేల్చుకోవాలి.

ప్రశ్న: మాది కౌలు చేసుకున్న కుటుంబం, పట్టా లేదు. రికార్డుల్లో మా పెద్దలు ఉంటారా? (జనగామ)

జవాబు: ఉండే అవకాశం బాగానే ఉంది. 1954-55 ఖాస్రా పహాణీలో (ఏ సర్వే నంబరు ఎవరిది, సాగు ఎవరిది అని రాసిన రిజిస్టరులో) పట్టాదారు గడి ఒక్కటే చూసి వదిలేయకండి, సాగులో ఉన్నవారి గడి కూడా చదవండి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు నకలు కూడా తహసీల్దారును అడగండి. పాత కాగితాలు ఉర్దూలో ఉంటే చదివేవారిని వెంట తీసుకెళ్లండి. ఏడాది ఫసలీలో (రెవెన్యూ లెక్కల సంవత్సరంలో) ఉంటే 590 కలపండి: 1364 ఫసలీ అంటే 1954-55.

ప్రశ్న: కూలి ఒప్పందం మీద దక్షిణాఫ్రికా వచ్చిన మా పూర్వీకుల ఓడ జాబితాలో ‘ఉత్తర ఆర్కాటు, చిత్తూరు’ అని ఉంది. తమిళనాడులో వెతకాలా? (డర్బన్)

జవాబు: అక్కర్లేదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, అంతకుముందు ఆ తాలూకా ఉత్తర ఆర్కాటులో ఉండేది. జాబితాలో ఊరి పేరు గుమాస్తా చెవికి విన్నట్టు రాసింది కాబట్టి, పైకి చదివి, ఆ శబ్దానికి దగ్గరగా ఉన్న ఊళ్లను చిత్తూరు చుట్టుపక్కల గుర్తించండి. వెళ్లినవారిలో భూమి లేనివారు ఎక్కువ. పట్టాల్లో పేరు లేకపోతే ఊరు అది కాదని అప్పుడే తేల్చేయకండి.