ఒకే భవనంలో నాలుగైదు హైస్కూళ్ళుంటే అవన్నీ ఒకే బడి కిందికి వస్తాయా?

రావు. న్యూయార్క్‌లో ఒకే చిరునామాతో కనిపించే ఆ చిన్న హైస్కూళ్ళు వేర్వేరు ప్రభుత్వ బడులే. ప్రిన్సిపాల్, టీచర్లు, బడ్జెట్, అడ్మిషన్లు, కోడ్ నంబరు దేనివి దానికే.

వేలమంది చదివే పెద్ద హైస్కూళ్ళలో పిల్లల్ని పేరుపెట్టి పలకరించే తీరిక ఎవరికీ ఉండేది కాదు, చాలామంది మధ్యలోనే చదువు మానేసేవారు. అందుకే 1990ల నుంచి అలాంటివి చాలా మూసేసి, అవే భవనాల్లో చిన్న బడులు తెరిచారు. అంత కిక్కిరిసిన నగరంలో కొత్త స్థలం ఎక్కడ దొరుకుతుంది?

మన్‌హాటన్‌లోని జూలియా రిచ్‌మన్ భవనమే చూడండి. నాలుగు హైస్కూళ్ళు, వాటితోపాటు చిన్నపిల్లల బడి కూడా అందులోనే. లైబ్రరీ, జిమ్, ఆడిటోరియం ఉమ్మడి. ఏ బడికి ఏ వేళ అన్నది ప్రిన్సిపాళ్ళు కలిసి కూర్చుని తేల్చుకోవాలి. నిజానికి అన్నిటికన్నా కష్టమైన పని అదే.

బరంపురం, రాయగడ వైపు మనవాళ్ళు దీన్ని ఒడియా బడిలోని తెలుగు మీడియం సెక్షన్ లాంటిదే అనుకుంటారు. సెక్షన్ అయితే హెడ్మాస్టరు ఒక్కరే, ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే 11 అంకెల యూడైస్ కోడూ ఒక్కటే. న్యూయార్క్‌లో అలా కాదు, పై అంతస్తులోని బడికి మారాలన్నా బదిలీ కోరాల్సిందే.