అన్న యాప్‌లో 14 తప్పులు పట్టాను, రిప్లై లేదు

ప్రశ్న: సార్, కాకినాడలో బీటెక్ సీఎస్ఈ మూడో ఏడాది చదువుతున్నాను. మా కాలేజీ సీనియర్ అన్న ఒకరు హైదరాబాద్‌లో ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి ఇంట్లో కుట్టుపని చేసేవాళ్ల కోసం యాప్ చేస్తున్నారు. కస్టమర్ల కొలతలు, డెలివరీ తేదీలు, బాకీలు అందులో రాసుకోవచ్చు. టెస్ట్ లింకు మా జూనియర్ల గ్రూపులో పెట్టి "మొహమాటం లేకుండా చెప్పండి" అన్నారు. నేను 14 పాయింట్లు రాసి అదే గ్రూపులో పెట్టాను. ఒక థంబ్స్ అప్ వచ్చింది, తర్వాత మాటల్లేవు. మా అమ్మ కూడా జాకెట్లు కుడుతుంది. తనకి చూపిస్తే "కొలతలు ఎవరు రాసుకుంటారే, ఆది జాకెట్ ఇచ్చి పోతారు కదా" అని నవ్వింది. నేను రాసిన దాంట్లో తప్పేముంది? లోపాలు పట్టడం నాకు బాగా వచ్చు, దీనికి ఏమైనా ఉద్యోగాలు ఉంటాయా? నాన్నేమో ముందు కోడింగ్ చూసుకో అంటున్నారు.

జవాబు: నువ్వు జతచేసిన 14 పాయింట్లూ చదివానమ్మా. రంగు బాలేదు, ఫాంట్ చిన్నగా ఉంది, డార్క్ మోడ్ లేదు, లోగో మార్చండి, ఫ్లట్టర్‌లో (యాప్‌లు కట్టే గూగుల్ టూల్‌కిట్) చేయకుండా ఉండాల్సింది, ఏఐ పెట్టండి, ఇలాంటివి ప్లే స్టోర్‌లో బోలెడు ఉన్నాయి... ఇలా సాగింది. పదకొండో పాయింటుగా "ఓటీపీ పని చేయట్లేదు" అని ఒక ముక్క. కానీ మీ అమ్మగారు అన్న మాట ఆ లిస్టులో ఎక్కడా లేదు. నాకు రాసిన ఉత్తరంలో మాత్రం ఏదో సరదాకి చెప్పినట్టు చెప్పావు. ఆ యాప్ చేసేవాళ్లకి మిగతా 14 కలిపినా ఆ ఒక్క మాటంత విలువ చేయవు. వాళ్లు నెలల తరబడి కూర్చుని కొలతల పేజీ కట్టుకుంటున్నారు, ఇక్కడ కుట్టే మనిషేమో అసలు కొలతలే రాసుకోనంటోంది. లోగో రంగు గురించి మాట్లాడుకునే దశ అది కాదు.

ఇంకా మొదలు స్టేజీలో ఉన్న ప్రొడక్ట్‌కి నీ అభిప్రాయాలు పెద్దగా పనికిరావు, నువ్వు కళ్లారా చూసింది పనికొస్తుంది. ఓటీపీ సంగతే తీసుకో. పని చేయట్లేదంటే వాళ్లేం చేయాలి? మెసేజ్ రాలేదా, వచ్చినా తప్పు అంటోందా, ఏ ఫోన్ అది? తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఓటీపీ చూడటానికి మెసేజ్‌లలోకి వెళ్తే, మెమరీ చాలక ఆండ్రాయిడ్ వెనకాల ఉన్న యాప్‌ని మూసేస్తుంది. మనం తిరిగొచ్చేసరికి, యాప్‌లో అందుకు ఏర్పాటు లేకపోతే, మళ్లీ ఫోన్ నంబర్ అడిగే పేజీ కనిపిస్తుంది. తయారు చేసేవాళ్ల ఫోన్లు మంచివి కాబట్టి వాళ్లకి ఇది ఒక్కసారి కూడా ఎదురుకాదు. నీకు జరిగింది ఇదేనో కాదో నేను చెప్పలేను, కానీ ఫోన్ మోడల్, ఏం నొక్కావు, ఏం కనిపించింది అని మూడు వాక్యాలు రాసి ఉంటే వాళ్లు ఒక పూటలో పట్టుకునేవారు.

"ఇలాంటివి బోలెడు ఉన్నాయి" అన్న పాయింటు మీద ఒక పాత కథ చెప్తాను. 2007 ఏప్రిల్‌లో డ్రూ హ్యూస్టన్ తను తయారు చేస్తున్న డ్రాప్‌బాక్స్ (ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకుని ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే సర్వీసు) డెమోని, టెక్ వాళ్లు చర్చించుకునే హ్యాకర్ న్యూస్ అనే సైట్‌లో పెట్టాడు. ఒకాయన మూడు అభ్యంతరాలు రాశాడు: లినక్స్ వాడేవాళ్లు ఒక ఎఫ్‌టీపీ (సర్వర్‌కి ఫైళ్లు పంపే పాత పద్ధతి) అకౌంటు, ఇంకో రెండు టూల్స్ పెట్టుకుని ఇదే పని తేలిగ్గా చేసుకోవచ్చు, ఇది యూఎస్‌బీ డ్రైవ్‌కి బదులు కాదు, దీంట్లో ఆదాయం వచ్చేలా కనిపించట్లేదు. 2018లో డ్రాప్‌బాక్స్ అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది, ఆ కామెంట్‌ని మాత్రం జనం ఇప్పటికీ ఎగతాళికి వాడుతుంటారు. నాకైతే ఆ ఎగతాళి అన్యాయం అనిపిస్తుంది. మనిషి మర్యాదగానే రాశాడు, హ్యూస్టన్ కూడా మర్యాదగా జవాబిచ్చాడు. తన వరకు ఆయన చెప్పింది నిజమే. కాకపోతే ఎఫ్‌టీపీ అంటే ఏంటో తెలియని కోట్ల మంది ఆయన లెక్కలోకి రాలేదు. నువ్వు ఫ్లట్టర్ గురించి రాసింది కూడా అలాంటిదే. మీ అమ్మగారికి అది దేనిలో చేస్తే ఏంటి? అందుకే ఏం చెప్పినా ముందు నువ్వెవరో చెప్పు, ఆ ప్రొడక్ట్ నీ కోసం చేసిందా కాదా అని. ఇక పోటీ అంటావా, ఆ అన్నకి అసలు పోటీ ప్లే స్టోర్‌లో లేదు, మీ అమ్మగారి దగ్గరున్న ఆది జాకెట్లే.

రెడ్‌బస్ సంగతి తెలుసు కదా. 2005 దీపావళికి ఊరికి రావడానికి బెంగళూరులో బస్సు టికెట్ దొరక్క ఫణీంద్ర సామాకి ఆ ఆలోచన వచ్చింది, 2006లో స్నేహితులతో కలిసి మొదలుపెట్టారు. ఐడియా బాగుందా అని తోటి ఇంజనీర్లని అడిగి ఊరుకోలేదు, ఆపరేటర్ల దగ్గరికి, ట్రావెల్ ఏజెంట్ల దగ్గరికి వెళ్లి టికెట్లు ఎలా అమ్ముతున్నారో చూశారు. ఏజెంటు ఆపరేటర్‌కి ఫోన్ చేసి సీటు ఉందా అని అడగాలి, ఎక్కడ ఖాళీ ఉందో ఒకచోట కనిపించేది కాదు. ఆ అన్న కూడా అలా తెలుసుకోవాల్సిన మనిషి మీ ఇంట్లోనే ఉంది.

కాబట్టి ఒక అరగంట అమ్మ పక్కన కూర్చో. ఫోన్ ఆమె చేతికిచ్చి నువ్వు మాట్లాడకు, "అక్కడ నొక్కమ్మా" అని సాయం చేయకు. ఎక్కడ ఆగింది, ఎక్కడ నీ మొహం వైపు చూసింది, అది రాసుకో. తర్వాత పని గురించి అడుగు. ఎవరి గుడ్డ ఎవరిదో గుర్తుకి చీటీ పెడుతుందా, కవర్ మీద పేరు రాస్తుందా? లైనింగ్, హుక్స్, ఫాల్, జిగ్‌జాగ్ డబ్బులు ఎలా కలుపుతుంది? శ్రావణంలో ఏ జాకెట్ ఆలస్యమైంది, ఎందుకు? బాకీ ఉన్నవాళ్లని ఎలా అడుగుతుంది? అంతేగానీ "ఇది నీకు ఉపయోగపడుతుందా" అని అడగొద్దు. మీ అమ్మగారు నవ్వేశారు గానీ, చాలామంది పిల్లల మనసు కష్టపెట్టడం ఇష్టంలేక బాగుందనేస్తారు. వీలైతే వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు కుట్టేవాళ్ల దగ్గర కూడా కూర్చో. ఐదుగురితో చూస్తే వాడకంలో ఉన్న ఇబ్బందుల్లో 85 శాతం దాకా బయటపడతాయని, వాడకం సులువు మీద పరిశోధన చేసిన జాకబ్ నీల్సన్ 2000లో రాశాడు. అది వాడకం సంగతి మాత్రమేలే, వ్యాపారం నడుస్తుందా లేదా అన్నది ఐదుగురితో తేలదు.

అన్న ఎందుకు మాట్లాడట్లేదంటే నాకేం తెలుసు, పని ఒత్తిడి కూడా కావచ్చు. అయితే పదిమంది జూనియర్ల ముందు 14 తప్పుల లిస్టు పెడితే "మొహమాటం లేకుండా" అన్నవాళ్లకి కూడా చివుక్కుమంటుంది. ఈసారి విడిగా, చిన్నగా పంపు. నేనైతే ఇలా రాస్తాను:

"అన్నా, గ్రూపులో తొందరపడి రాశాను, అందులో చాలావరకు నా ఇష్టాయిష్టాలే. మా అమ్మ జాకెట్లు కుడుతుంది, తనకి యాప్ చూపించాను. తన దగ్గరికి వచ్చేవాళ్లు ఆది జాకెట్ ఇచ్చి వెళ్తారంట, కొలతలు రాసుకోదంట. మీరు మాట్లాడినవాళ్లు రాసుకుంటున్నారా? ఓటీపీ దగ్గర ఏం జరిగిందో వీడియో తీసి పెడుతున్నాను. కావాలంటే అమ్మతో మాట్లాడిస్తాను."

అమ్మని అడిగాకే ఆ చివరి వాక్యం రాయి. కొలతల పేజీ తీసేయమనో, ఫోటో పెట్టే ఆప్షన్ ఇవ్వమనో పరిష్కారాలు నువ్వు చెప్పకు, నలుగురు టైలర్లని చూశాక అది వాళ్లే తేల్చుకుంటారు. యాప్‌లో అమ్మకి నచ్చింది ఉంటే అది కూడా రాయి, ఏది నచ్చిందో పేరు పెట్టి రాయి. వట్టి "సూపర్ అన్నా" ఎవరికీ అక్కర్లేదు.

ఇక ఉద్యోగాలు. టెస్టింగ్ ఉంది, వాడేవాళ్లని గమనించే యూఎక్స్ (యూజర్ ఎక్స్‌పీరియన్స్) రీసెర్చ్ ఉంది, ఏం తయారు చేయాలో తేల్చే ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ ఉంది. మూడోది వినడానికి బాగుంటుంది గానీ, మన దగ్గర ఎక్కువగా రెండు మూడేళ్లు ఇంజనీరుగా చేసినవాళ్లకో ఎంబీఏ వాళ్లకో ఇస్తారు. 2002లో గూగుల్ మొదలుపెట్టిన ఏపీఎం (అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్) ప్రోగ్రామ్ లాంటివి ఫ్రెషర్లకి ఉన్నాయి, సీట్లు బాగా తక్కువ. కాబట్టి కోడింగ్ విషయంలో నాన్నగారి మాటే కరెక్ట్, మానకు. దాంతోపాటు ఈ పని కూడా పెట్టుకో: ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, వికీపీడియా యాప్ లాంటి ఓపెన్ సోర్స్ వాటికి ఎవరైనా బగ్ రిపోర్ట్ పెట్టొచ్చు. ఏం చేస్తే వస్తుంది, ఏం రావాలి, ఏం వచ్చింది, ఈ మూడూ స్పష్టంగా రాసిన రిపోర్టులు నాలుగైదు నీ పేరు మీద ఉంటే, రెజ్యూమెలో "గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్" అన్న లైను తీసేసి ఆ లింకులు పెట్టు.