డెంగీ నష్టాన్ని ఏళ్లలో కొలిచే పని: ఎంబీబీఎస్ లేకుండా చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి అనంతపురంలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి ఏడాది చదువుతోంది. డెంగీలాంటి జబ్బులు దేశానికి ఎంత నష్టం చేస్తున్నాయో లెక్కగట్టే పని చేస్తానంటోంది. డాక్టరు చదవకుండా అది కుదిరే పనేనా సార్?

జవాబు: కుదురుతుందండీ. ఈ పనిలో సగం బరువు లెక్కలు తెలిసినవాళ్లదే.

జ్వరాలు ఇన్ని, చావులు ఇన్ని అని విడివిడిగా చెబితే డెంగీని క్షయతో పోల్చలేం. అందుకే జ్వరాలనూ చావులనూ ‘డాలీ’ అనే ఒకే కొలతలోకి తెస్తారు. ఒక డాలీ అంటే ఆరోగ్యంగా గడవాల్సిన ఒక ఏడాది పోయినట్టు. ఒక మాదిరి డెంగీ జ్వరానికి తీవ్రత విలువ 0.051 (పూర్తి ఆరోగ్యమైతే 0, మరణమైతే 1). వెయ్యిమంది వారంపాటు మంచాన పడితే 1000 × 0.051 × 7 ÷ 365, అంటే సుమారు ఒక ఏడాది. అదే పదేళ్ల పిల్లాడు ఒక్కడు పోతే, వాడు ఇంకా బతకాల్సిన ఏళ్లన్నీ పోయినట్టే, అంటే 75 ఏళ్ల పైమాటే! మరణ ధ్రువపత్రంలో డెంగీ అని కాకుండా ‘గుండె ఆగి’ అని రాసేశారనుకోండి, ఆ ఏళ్లన్నీ వేరే ఖాతాలోకి పోతాయి.

కేసుల దగ్గర ఇంకో తిరకాసు. సర్కారు లెక్కకెక్కేవి ఎలైజా అనే రక్తపరీక్షలో తేలినవే: జ్వరం మొదలైన ఐదు రోజుల్లోపు ఎన్ఎస్1 (వైరస్ ప్రొటీన్), ఆ తర్వాత ఐజీఎం (ఒంట్లో పుట్టే యాంటీబాడీ). ప్రైవేటు ల్యాబులో కార్డు టెస్టుతో సరిపెట్టుకున్నవాళ్లు, ఆర్ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని ఇంటికెళ్లినవాళ్లు చాలావరకు జారిపోతారు. 2006–2012 మధ్య దేశంలో ఏటా సగటున నమోదైనవి 20,474 కేసులు. మదురై జిల్లా వివరాలకు నిపుణుల అంచనాలు కలిపి 2014లో వెలువడిన అధ్యయనం చెప్పింది దాదాపు 58 లక్షలు. అంటే 282 రెట్లు! నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియక తొట్లూ డ్రమ్ములూ నింపిపెట్టుకునే మన వీధులకు, డెంగీ దోమ గుడ్లు పెట్టేదీ వాటిలోనే కదా, మదురై నుంచి వచ్చిన ఈ 282 రెట్ల గుణకం అతుకుతుందా? ఈ అనుమానం మీ అమ్మాయికి దానంతటదే రావాలి. ఫార్ములాలు ఎవరైనా నేర్చుకుంటారు.

ఇక చదువు. ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్, వెల్లూరులోని వైద్య కళాశాల సీఎంసీలలో బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) పీజీ ఉంది. ఎపిడెమియాలజీ (జబ్బులు జనంలో ఎలా వ్యాపిస్తాయో చూసే శాస్త్రం) వైపు అయితే హైదరాబాద్‌లోని ప్రజారోగ్య సంస్థ ఐఐపీహెచ్‌లో ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ. పుదుచ్చేరిలో దోమలవంటి వాటితో వచ్చే జబ్బులపై పరిశోధించే వీసీఆర్సీ కోర్సు దోమల శాస్త్రం, అది జువాలజీ పిల్లలకు నప్పుతుంది. ఎక్కడ చేరినా గణాంకాల లెక్కలకు వాడే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్ రావాల్సిందే. మొదట్లో దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు కాంట్రాక్టులే. పర్మనెంటు ఉద్యోగం వెంటనే కావాలంటే ఇది ఆ దారి కాదు.

అప్లికేషన్ పెట్టేముందు పై లెక్కను ఎక్సెల్‌లో వేయమనండి. 7 రోజులను 14 చేసి, తర్వాత ఒక్క మరణం కలిపి, దేనికి మొత్తం ఎంత కదిలిందో చూడమనండి. ఆ పూట ఆమెకు విసుగొచ్చిందా, ఇంకో అంకె మార్చి చూడాలనిపించిందా అన్నది మీరూ గమనించండి.