ఇటాలియన్ నేర్చుకోవాలా? సాయంత్రం టీవీ పెట్టండి

ఇటలీలోని టొరినోలో ఎమ్మెస్సీకి వచ్చిన తమ్ముడు ఒకతను అడిగాడు: "అన్నా, క్లాసులు ఇంగ్లీషులోనే. బయట కూరగాయలు కొనాలంటే మాత్రం నోరు పెగలడం లేదు. ఏం చేయను?"

తమ్ముడూ, వచ్చిన కొత్తలో నాదీ ఇదే టెన్షన్. పక్క ఫ్లాట్ పెద్దావిడ సాయంత్రం ఏడింటికి పిలిచేది. ఆవిడ చిక్కుడు గింజలు ఒలుస్తూ ఉంటే ఇద్దరం ఇక్కడి ప్రభుత్వ టీవీ చానల్ రాయ్ ఉనోలో 'లెరెదిటా' క్విజ్ చూసేవాళ్లం. నడిపేది ఫాబ్రిత్సియో ఫ్రిత్సి. ఒక్కో మాటా విడివిడిగా వినిపించేది. తెలుగులాగే ఇటాలియన్‌లో చాలా మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి చెవికి త్వరగానే పడుతుంది.

చివరి ఆట 'గిల్యొత్తీనా'. ఐదు మాటలు ఇస్తారు, వాటన్నిటికీ కుదిరే ఆరోదాన్ని నిమిషంలో చెప్పాలి. నేనే ఒకటి అల్లి చెబుతా: సెకొందా, ఫువోరి, కొంత్రో, బగాల్యో, దారే. జవాబు మానో, అంటే చెయ్యి. 'సెకొందా మానో' సెకండ్ హ్యాండ్ సామాను, 'ఫువోరి మానో' ఊరికి దూరంగా, 'కొంత్రోమానో' రాంగ్ రూట్, 'బగాల్యో ఆ మానో' విమానంలో చేతి సంచి. 'దారే ఉనా మానో' అంటే అచ్చం మనం "ఓ చెయ్యి వెయ్యరా" అన్నట్టే, సాయం చేయడం. కొత్తగా వచ్చినవాడికి ఐదూ మొదటి నెలలోనే అవసరం పడతాయి.

ఫ్రిత్సి 1958లో రోమ్‌లో పుట్టాడు. ఏళ్ల తరబడి మిస్ ఇటాలియా పోటీలు నడిపాడు, సీరియల్‌లో లాయరుగా నటించాడు. 'టాయ్ స్టోరీ' యానిమేషన్ సినిమాల్లో మొదటి మూడింటిలో కౌబాయ్ బొమ్మ వుడీకి ఇటాలియన్ గొంతు ఆయనదే. తెలిసిన కథ కాబట్టి ముందు అవి చూడు.

2000లో ముక్కూ మొహం తెలియని అమ్మాయికి ఎముక మజ్జ ఇచ్చాడు. ఆ పిల్ల బతికింది. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే. 2017 అక్టోబరులో షూటింగ్‌లోనే జబ్బుపడ్డాడు, డిసెంబరుకల్లా మళ్లీ వచ్చాడు. 2018 మార్చి 26న, అరవై ఏళ్లకే పోయాడు. ఆ సాయంత్రం పెద్దావిడ టీవీ పెట్టలేదు. సొంత తమ్ముడు పోయినట్టు కూర్చుంది.

క్విజ్ ఇప్పటికీ వస్తోంది, టీవీలో టెలీవిడియో (రాయ్ వాళ్ల టెలీటెక్స్ట్) 777వ పేజీ పెడితే ఇటాలియన్ సబ్‌టైటిల్స్ పడతాయి. ఇంకోమాట, ఇక్కడ మజ్జ దాతగా పేరు రాయించుకోవడానికి వయసు 18 నుంచి 35. నీకు ఇంకా టైముంది. 'అద్మో' అనే సంస్థ గురించి అడుగు.